తోబుట్టువులే డిటెక్టివ్‌లు

ఇంటర్నెట్‌లో మనుషుల్ని వెతుక్కుని చంపే హంతకుడి కథలో డిటెక్టివ్ ఎలా ఉంటాడో మనకు కంఠతా వచ్చు. చీకటి గది, నాలుగు మానిటర్లు, వేళ్ళు టకటకలాడే ఒక హ్యాకర్ కుర్రాడు, చివరి నిమిషంలో దొరికే ఐపీ అడ్రస్. నవలలూ సినిమాలూ పాతికేళ్ళుగా ఈ బొమ్మనే గీస్తున్నాయి. నిజంగా జరిగిన కేసుల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే మాత్రం అందులో హ్యాకర్ దాదాపుగా కనపడడు. ఒక అక్కో, అన్నో, చెల్లెలో కనపడుతుంది. అది కూడా స్టేషన్ బయట బెంచీ మీద.

ఈ కథ ఇంటర్నెట్‌తో మొదలైంది కాదు. 1900ల మొదట్లో అమెరికాలో ఇండియానా రాష్ట్రం లా పోర్ట్ ఊరి బయట బెల్ గన్నెస్ అనే నార్వే మూలాల వితంతువు ఉండేది. నార్వేజియన్ భాషలో వచ్చే పత్రికల్లో పెళ్ళి ప్రకటనలు ఇచ్చేది. పొలం ఉంది, తోడు కావాలి, డబ్బున్న మగవాళ్ళు రావచ్చు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే మాయమయ్యారు. సౌత్ డకోటా నుంచి వచ్చిన ఒక రైతుకు ఆమె రాసిన ఉత్తరాల్లో జాగ్రత్తలు చూడండి: డబ్బు బ్యాంకు ద్వారా పంపొద్దు, నోట్లుగా మార్చి లోదుస్తుల్లో కుట్టుకుని తీసుకురా, ఎవరికీ చెప్పొద్దు. ఈ ‘ఎవరికీ చెప్పొద్దు’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. నూరేళ్ళ తరవాత చాట్ కిటికీల్లోనూ ఇదే మాట, ఇదే స్థానంలో వస్తుంది.

1908 ఏప్రిల్‌లో ఆ ఇల్లు తగలబడింది. మంటలు ఆరాక కేసు అక్కడితో ముగిసిపోయేదే. సౌత్ డకోటా రైతు సోదరుడు వెతుక్కుంటూ వచ్చాడు కాబట్టి ముగియలేదు. పందుల దొడ్డిలో నేల కొన్నిచోట్ల మెత్తగా దిగబడి ఉందని అతని కంటపడింది. తవ్వమని పట్టుబట్టాడు. మొదట బయటపడింది అతని సోదరుడే, ఆ తరవాత మరెందరో.

కొన్నేళ్ళ తరవాత ఫ్రాన్స్‌లో అదే కథ ఆడా మగా తారుమారై జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధం లక్షలమంది స్త్రీలను వితంతువులను చేసింది. ఆన్రీ లాండ్రూ పత్రికల్లో ప్రకటన ఇచ్చాడు: పిల్లలున్న భార్యలేనివాడు, స్థితిమంతుడు, ఒక వితంతువును పెళ్ళాడే ఉద్దేశంతో కలవగోరుతున్నాడు. 283 మంది స్త్రీలతో అతనికి పరిచయం ఉన్నట్టు లెక్క తేలింది. పది మంది స్త్రీలను, వాళ్ళలో ఒకామె కొడుకును చంపాడని కోర్టు తేల్చింది. అతని చిన్న నోట్‌బుక్‌లో ఖర్చులన్నీ రాసి ఉండేవి. గాంబే ఊరిలోని విల్లాకు వెళ్ళే రైలు టికెట్లు కూడా: తనకు రానూపోనూ, వెంట వచ్చే ఆవిడకు పోవడానికి మాత్రమే. పైసా పైసా లెక్కరాసే పిసినారితనమే అతని మెడకు చుట్టుకుంది. డిటెక్టివ్ రచయిత ఎవరైనా ఈ వివరాన్ని కల్పిస్తే ‘మరీ చమత్కారంగా ఉంది’ అని సంపాదకుడు కొట్టేసేవాడు.

లాండ్రూను పట్టించిందెవరు? ఒకరికొకరు తెలియని రెండు కుటుంబాలు గాంబే మేయరుకు విడివిడిగా ఉత్తరాలు రాశాయి. రెండూ ఒకే విల్లా గురించి, రెండూ కనపడకుండా పోయిన స్త్రీల గురించి, అద్దెకున్న మనిషి పేరు మాత్రం రెంటిలోనూ వేరు. మేయరు ఆ రెండు ఇళ్ళవాళ్ళనూ కలిపాడు. ఈ వెతుకులాటను వెనక నుంచి నడిపింది తప్పిపోయిన వాళ్ళ అక్కచెల్లెళ్ళు. 1919 ఏప్రిల్‌లో పారిస్‌లోని ఒక దుకాణంలో లాండ్రూ వాళ్ళ తరఫువాళ్ళ కంటపడ్డాడు, పోలీసులకు కబురు వెళ్ళింది. 1922 ఫిబ్రవరిలో వెర్సాయ్‌లో గిలటిన్ కింద తల పెట్టాడు. చాప్లిన్ ‘మాన్స్యూర్ వెర్డూ’ సినిమాకు మూలం ఇతనే. ఆ సినిమాలో అందరికీ గుర్తుండేది చాప్లినే, ఆ అక్కచెల్లెళ్ళు కాదు.

పత్రికా ప్రకటనను డిటెక్టివ్ సాహిత్యం మొదటి నుంచీ ఇష్టంగా వాడుకుంది. షెర్లాక్ హోమ్స్ తన మొదటి నవలలోనే ఉంగరం దొరికిందని ప్రకటన వేసి నేరస్థుడికి వల పన్నుతాడు. ‘రెడ్ హెడెడ్ లీగ్’ కథలో ఎర్రజుట్టున్న ఒక దుకాణదారుకు వారానికి నాలుగు పౌండ్ల ఉద్యోగం వస్తుంది. పని? ఎన్‌సైక్లోపీడియాను చూసి కాపీ చేయడం. పని లేని పనికి అంత జీతం ఎందుకిస్తారన్న అనుమానం అతనికి రాదు, హోమ్స్‌కు వస్తుంది. అగాథా క్రిస్టీ 1950లో ‘ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్’ నవలను ఊరి పత్రికలో హత్యకు ఆహ్వానం పలికే ప్రకటనతో మొదలుపెట్టింది. వీటన్నిటి కిటుకు ఒకటే. వేటగాడు అడవిలోకి వెళ్ళనక్కర్లేదు, జంతువే దారి కనుక్కుని వస్తుంది. వచ్చేది ఎవరో కూడా ముందే వడపోతకు గురై ఉంటుంది: ఒంటరివాళ్ళు, డబ్బు అవసరం ఉన్నవాళ్ళు, ఇంట్లో చెప్పలేని కోరిక ఉన్నవాళ్ళు.

2011లో అమెరికాలోని ఒహాయోలో రిచర్డ్ బీస్లీ క్రెయిగ్స్‌లిస్ట్ అనే ప్రకటనల వెబ్‌సైట్‌లో పెట్టింది అచ్చం ఎర్రజుట్టు కథలోని ఉద్యోగమే. 688 ఎకరాల పొలానికి కాపలాదారు కావాలి, వారానికి 300 డాలర్లు, ఉండటానికి ట్రెయిలర్ ఇల్లు ఉచితం. వందమందికి పైగా దరఖాస్తు పెట్టుకున్నారు. బీస్లీ వాళ్ళతో ఓపిగ్గా మాట్లాడి, నడివయసు దాటి, ఉద్యోగం పోయి, సంసారం విడిపోయిన మగవాళ్ళను ఏరుకున్నాడు. అసలు అక్కడ పొలమే లేదు. ముగ్గురు చనిపోయారు. నాలుగో మనిషి చేతికి తూటా తగిలినా అడవిలో పడి తప్పించుకుని బయటపడ్డాడు. అతను చెప్పిన మాటల్ని స్థానిక అధికారులు మొదట పూర్తిగా నమ్మలేకపోయారు. ఆ సమయంలో వేరే ఊళ్ళో ఒక మహిళ తన కవల సోదరుడి నుంచి ఫోన్ రావడం లేదని దిగులుపడుతోంది. కొత్త పొలం ఉద్యోగానికని సామానంతా బండికెక్కించుకుని వెళ్ళినవాడు అతను. ఆమె ఇంటర్నెట్‌లో ఆ ప్రాంతపు వార్తలు వెతికి, కాల్పుల సంగతి చదివి, నేరుగా షెరీఫ్‌కు ఫోన్ చేసింది. రెండు ముక్కలూ అప్పుడు కలిశాయి. ఇక్కడ ఇంటర్నెట్ హంతకుడికి ఎంత పనికొచ్చిందో ఆమెకూ అంతే పనికొచ్చింది. 2013లో బీస్లీకి మరణశిక్ష పడింది.

‘ఇంటర్నెట్ తొలి సీరియల్ కిల్లర్’ అన్న ముద్ర కాన్సస్‌కు చెందిన జాన్ ఎడ్వర్డ్ రాబిన్సన్‌ది. నా దృష్టిలో ఆ ముద్ర సగమే నిజం. 1980లలోనే అతను ఉద్యోగమని, ఆశ్రయమని నమ్మించి దిక్కులేని యువతుల్ని మాయం చేశాడు. తొంభైలలో చాట్ రూములు వచ్చాక వల మార్చాడంతే. 2000 జూన్‌లో అరెస్టయ్యాక అతని పొలంలోనూ, అద్దెకు తీసుకున్న గోడౌనులోనూ పీపాలు బయటపడ్డాయి. రచయితలు గమనించాల్సిన ఆధారం మాత్రం పీపాలు కాదు, ఉత్తరాలు. చనిపోయిన ఒక యువతి విదేశాల్లో తిరుగుతోందన్నట్టు ఆమె తల్లికి టైపు చేసిన ఉత్తరాలు వచ్చేవి. వాటి మీద పోస్టు ముద్రలు మాత్రం కాన్సస్ సిటీవే. దానికన్నా తల్లి పట్టుకున్న ఇంకో సంగతి గొప్పది: ఉత్తరాల్లో ఒక్క తప్పూ లేదు. మా అమ్మాయి తప్పుల్లేకుండా రాయదే అని ఆమెకు తట్టింది.

మన దేశంలోనూ ఇదే ఎత్తు చూశాం. భోపాల్‌లో ఉండే ఉదయన్ దాస్, పశ్చిమ బెంగాల్‌లోని బాంకుడాకు చెందిన యువతికి ఆర్కుట్‌లో పరిచయమయ్యాడు. అమెరికాలో ఉద్యోగం వచ్చిందని ఆమె ఇంట్లో చెప్పి బయల్దేరింది. చేరింది భోపాల్. 2016లో ఆమెను చంపి, ఆ తరవాత నెలల తరబడి ఆమె ఫోన్ నుంచి ఇంటికి మెసేజీలు పంపుతూ వచ్చాడు. గొంతు మాత్రం ఎప్పుడూ వినపడలేదు. ఇంట్లోవాళ్ళకు అనుమానం వచ్చింది. ఫోన్ ఎక్కడుందో తీయిస్తే అమెరికా కాదు, భోపాల్. 2017 ఫిబ్రవరిలో పోలీసులు వెళ్ళి ఇంట్లో సిమెంటు గద్దెను పగలగొట్టారు. విచారణలో ఇంకో పాత సంగతి బయటపడింది: 2010లోనే రాయ్‌పూర్‌లో తల్లిదండ్రుల్ని చంపి పెరట్లో పాతిపెట్టాడు, తల్లి పింఛను తీసుకుంటూనే ఉన్నాడు. 2020లో బాంకుడా కోర్టు యావజ్జీవం వేసింది.

అంటే ఆన్‌లైన్ హంతకుడు రెండు రచనలు చేయాలి. మొదటిది ప్రకటన, బాధితుల్ని రప్పించేది. రెండోది అనుకరణ, చనిపోయినవాళ్ళు బతికే ఉన్నారనిపించేది. మొదటి రచనలో వీళ్ళందరూ సిద్ధహస్తులే. రెండోదాంట్లోనే దొరికిపోతారు. ఒక మనిషి ‘సరే’ అని రాస్తుందా ‘స్సరేలే’ అని రాస్తుందా, అన్నయ్యను ‘అన్నా’ అంటుందా ‘ఒరేయ్’ అంటుందా, ఏ బొమ్మ పెడుతుంది, చుక్క పెడుతుందా లేదా అన్నది పరాయివాడికి తెలిసే విద్య కాదు. ఫోరెన్సిక్ ల్యాబు కన్నా ముందు ఇల్లు ఆ తేడా పట్టుకుంటుంది. డిటెక్టివ్ నవల దీన్ని ఇంకా సరిగ్గా వాడుకోలేదన్నది నా ఫిర్యాదు.

జపాన్‌లో 2017లో జరిగింది వీటన్నిటిలోకీ భయంకరం. జామా నగరంలో తకహిరో షిరాయిషి అనే యువకుడు ట్విట్టర్‌లో బతుకు మీద విరక్తితో రాసేవాళ్ళను వెతికి, సాయం చేస్తానని, తోడుగా నేనూ వస్తానని నమ్మించాడు. రెండు నెలల్లోనే తొమ్మిది మంది. అందరూ 15 నుంచి 26 ఏళ్ళ లోపువాళ్ళు. ఎనిమిది మంది ఆడపిల్లలు, మిగిలిన ఒక్కడు మొదటి బాధితురాలి స్నేహితుడు, ఆమె ఏమైందని అడుగుతూ వచ్చినవాడు. వాళ్ళలో ఎవరూ నిజంగా చావాలనుకోలేదని హంతకుడే చెప్పాడు. ఆ పిల్లలు అడిగింది వినే మనిషిని, దొరికింది వీడు. 2005లో ఒసాకా ప్రాంతంలోనూ ఇలాంటి వెబ్‌సైట్ ద్వారానే ముగ్గుర్ని చంపిన ఉదంతం ఒకటి ఉంది, జపాన్ దాన్ని మర్చిపోయినట్టుంది.

షిరాయిషి దొరికిన తీరు ఇది. చివరి బాధితురాలి అన్న ఆమె ట్విట్టర్ ఖాతాలోకి వెళ్ళి చూశాడు. అనుమానం కలిగించే ఒక పేరు కనపడింది. దాని గురించి తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని తనే అడిగాడు. అంతకుముందు ఆ ఖాతావాడితో మాట్లాడిన మరో యువతి ముందుకు వచ్చింది, పోలీసులకు సహకరించి అతన్ని కలుస్తానని నమ్మించింది. పోలీసులు అతని వెనకే వెళ్ళి ఇల్లు కనుక్కున్నారు. అక్టోబరు ఆఖరి రోజున అరెస్టు. 2020 డిసెంబరులో మరణశిక్ష, 2025 జూన్ 27న ఉరి. వల విసిరినవాణ్ణి వల విసిరే పట్టారు, దానికి పెద్ద సాంకేతిక విద్యేమీ అక్కర్లేకపోయింది.

ఇక లండన్. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే డిటెక్టివ్ కథ తలకిందులైతే ఎలా ఉంటుందో ఈ కేసే చూపిస్తుంది. బార్కింగ్‌లో స్టీఫెన్ పోర్ట్ 2014 జూన్ నుంచి 2015 సెప్టెంబరు వరకు నలుగురు యువకుల్ని చంపాడు. స్వలింగ సంపర్కులు కలుసుకునే యాప్‌లు, వెబ్‌సైట్లు అతని వేటస్థలం. మొదటి శవం అతని ఫ్లాట్ బయటే దొరికింది, ఎమర్జెన్సీకి ఫోన్ చేసింది అతనే. అబద్ధం చెప్పాడని తేలింది, దానికి కొన్నాళ్ళు జైల్లో కూడా ఉన్నాడు. హత్య అనుమానం మాత్రం ఎవరికీ రాలేదు. రెండో, మూడో శవాలు వారాల తేడాతో ఒకే చర్చి ఆవరణలో దొరికాయి. రెండుసార్లూ చూసింది కుక్కను తిప్పడానికి వచ్చిన ఒకే మహిళ. మూడో యువకుడి చేతిలో ఒక చీటీ: రెండో యువకుడి చావుకు తానే కారణమని, నిన్న రాత్రి తనతో ఉన్న మనిషిని మాత్రం తప్పుపట్టొద్దని. పోలీసులు ఆ చీటీని నమ్మేశారు. చేతిరాత పోల్చి చూడలేదు, ‘నిన్న రాత్రి ఉన్న మనిషి’ ఎవరని వెతకలేదు. తెలుగు పాకెట్ నవలలో ఇంత బాహాటమైన ఆధారం పెడితే మనం నవ్వుకుంటూ పదో పేజీకే హంతకుణ్ణి పట్టేసేవాళ్ళం.

నాలుగో యువకుడి అక్కచెల్లెళ్ళు ఒప్పుకోలేదు. మా తమ్ముడు అలాంటివాడు కాదు అని ఊరుకోకుండా, పాత మరణాల వార్తలు వెతికి, పోలికలు చూపించి, పోలీసుల్ని నిలదీశారు. రైల్వే స్టేషన్ సీసీ కెమెరాలో తమ్ముడి పక్కన నడిచే మనిషి బొమ్మను బయటికి విడుదల చేయించారు. దాన్ని చూసి ఒక అధికారి ఇతను పోర్ట్ అని గుర్తుపట్టాడు. 2016 నవంబరులో జీవితాంతం జైలు. 2021 డిసెంబరులో మరణ విచారణ జ్యూరీ, పోలీసుల లోపాలు ఆఖరి మూడు చావులకూ బహుశా దోహదం చేశాయని తేల్చింది. బీబీసీ దీన్ని ‘ఫోర్ లైవ్స్’ పేరుతో 2022లో టీవీ డ్రామాగా ప్రసారం చేసింది. హంతకుడి మనసులోకి కాకుండా ఆ కుటుంబాల వెంట నడిచిన అరుదైన సీరియల్ అది.

పోలీసులకు చేతకాదా అంటే కాదు. 2009 ఏప్రిల్‌లో బోస్టన్‌లో క్రెయిగ్స్‌లిస్ట్ ప్రకటన ద్వారా ఒక యువతిని హోటల్‌కు చేరి చంపాడన్న అభియోగం మీద వైద్య విద్యార్థి ఫిలిప్ మార్కాఫ్‌ను ఆరే ఆరు రోజుల్లో పట్టుకున్నారు. ఈమెయిల్ వెనక ఐపీ అడ్రస్, అది తీసుకెళ్ళిన అపార్ట్‌మెంట్, హోటల్ కెమెరాలో ముఖం. అది ఖరీదైన హోటల్, మర్నాటికి దేశమంతా వార్త. బార్కింగ్ చర్చి ఆవరణలో పడి ఉన్న కుర్రాళ్ళు మత్తు ఎక్కువై పోయారనుకున్నారు. సాంకేతికత రెండుచోట్లా ఉంది. ఎవరి చావు వెతకదగ్గదో నిర్ణయించే చూపే వేరు.

మన దగ్గర ఈ చూపును బాగా పట్టుకున్నది 2023లో వచ్చిన ‘దహాడ్’ వెబ్ సిరీస్. ఇందులో ఇంటర్నెట్ లేదు, పెళ్ళి ఆశ ఉంది. కర్ణాటకలో కట్నం అడగని వరుడిగా నటిస్తూ పేద యువతుల్ని చంపిన సైనైడ్ మోహన్ కేసుతో దీనికి బాగా పోలికలున్నాయి. ఆ శవాలు వేర్వేరు ఊళ్ళ బస్టాండు మరుగుదొడ్లలో దొరికాయి కాబట్టి ఏళ్ళ తరబడి ఎవరూ కలిపి చూడలేదు. సిరీస్‌ను రాజస్థాన్‌కు మార్చారు. చెల్లెలు కనపడటం లేదని స్టేషన్‌కు వచ్చే పేద యువకుణ్ణి ఎవరూ పట్టించుకోరు. వేరే మతం వాడితో వెళ్ళిపోయిందని అబద్ధం చెప్పాకే ఠాణా కదులుతుంది. ఎనిమిది ఎపిసోడ్లలో నన్ను కదిలించినది ఆ ఒక్క అబద్ధమే. సబ్ ఇన్‌స్పెక్టర్‌గా సోనాక్షీ సిన్హా బాగుంది, విజయ్ వర్మ హంతకుడు ఇంకా బాగున్నాడు. కానీ అన్నను మూడో ఎపిసోడ్‌కల్లా పక్కన పెట్టేసినట్టు అనిపించింది.

పాశ్చాత్య నవలలు ఇంకో దారి పట్టాయి. జెఫ్రీ డీవర్ 2001లో ‘ది బ్లూ నోవేర్’లో కంప్యూటర్లలో చొరబడి బాధితుల బతుకంతా చదివే హంతకుణ్ణి సృష్టించాడు, 2008లో ‘ది బ్రోకెన్ విండో’లో మన కొనుగోళ్ళ వివరాలు అమ్ముకునే కంపెనీల గుట్టును వాడుకునేవాణ్ణి. రెండోది ఇవాళ చదివినా వెన్ను జలదరిస్తుంది, మొదటిది పాతబడింది. వాల్ మెక్‌డెర్మిడ్ 2009 నవల ‘ఫీవర్ ఆఫ్ ది బోన్’లో టీనేజర్లను ఒక సోషల్ నెట్‌వర్క్ ద్వారా రప్పిస్తారు. ఆమె తెలివి ఏమిటంటే, వాళ్ళను కలిపే ముడి ఆన్‌లైన్‌లో కాక వాళ్ళ పుట్టుకలో పెట్టింది. ఎందుకో ఊహించొచ్చు. డిటెక్టివ్ నవలకు అనుమానితుల జాబితా చిన్నదిగా ఉండాలి, ఒక బంగళా, ఒక రైలు పెట్టె. ఇంటర్నెట్ వచ్చి ఆ గోడలు కూల్చేసింది, లోకమంతా అనుమానితులే. అందుకే రచయితలు ఆఖర్లో ఏదో ఒకలా హంతకుణ్ణి బాధితుల పెరట్లోకే లాక్కొస్తారు. పాఠకుడికి న్యాయం జరుగుతుంది, నిజం మాత్రం పక్కకు జరుగుతుంది. 2008 నాటి ‘అన్‌ట్రేసబుల్’ సినిమా మీద రెండు వాక్యాలు కూడా వృథా.

ఈ జాబితాలో ఇంటిమనిషిని నిజంగా డిటెక్టివ్‌ను చేసింది మన తెలుగు మూలాలున్న అనీష్ చాగంటి. 2018లో తీసిన ‘సెర్చింగ్’ మొత్తం కంప్యూటర్, ఫోన్ తెరల మీదే నడుస్తుంది. కూతురు మాయమైతే తండ్రి ఆమె ల్యాప్‌టాప్ తెరిచి, ఒక పాస్‌వర్డ్ కోసం ఇంకో ఖాతా, దానికోసం ఇంకోటి తెరుచుకుంటూ పోతాడు. కూతురికి స్నేహితులే లేరని ఆ ఖాతాలు అతనికి చెబుతాయి. సీరియల్ హంతకుడి కథ కాకపోయినా, ఈ మొత్తం వ్యవహారపు గుండె ఆ దృశ్యంలో ఉంది. చివరి ఇరవై నిమిషాల మలుపులు నాకు మితిమీరినట్టనిపించాయి.

తెలుగులో ఎవరైనా ఇలాంటి నవల రాయబోతే వాళ్ళ ముందు ఒక చిక్కు ఉంది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఇవాళ ఈ కేసు తీసుకుంటే వాళ్ళ చేతులు కట్టేసినట్టే. మన దేశంలో ప్రైవేటు డిటెక్టివ్‌లకు లైసెన్సు ఇచ్చే చట్టమే లేదు, 2007లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. కాల్ డేటా తీయించాలంటే పోలీసులో కోర్టో కదలాలి, డబ్బిచ్చి తెప్పించుకుంటే అది నేరం. పోనీ ఐపీ అడ్రస్ పట్టుకుందామంటే, మొబైల్ నెట్‌వర్కులో ఒకే అడ్రస్‌ను ఒకే సమయంలో ఎందరో పంచుకుంటారు. సెకన్లతో సహా వేళ, పోర్టు నంబరు లేకపోతే అది ఊరికే ఒక అంకె.

పోలీసుల వైపు ఒక అడ్డు మాత్రం తగ్గింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ‘మా పరిధి కాదండీ’ అన్న జవాబుకు చట్టంలో చోటు లేదు. రెండో అడ్డు అలాగే ఉంది. ‘ఉమెన్ మిస్సింగ్’ అని కేసు కట్టగానే ‘ఎవరితోనైనా వెళ్ళిందేమో కనుక్కున్నారా’ అనే ప్రశ్న వస్తుంది. దానికి భయపడే చాలా ఇళ్ళు స్టేషన్ మెట్లెక్కవు. హంతకుడికి ‘ఎవరికీ చెప్పొద్దు’ అనే అవసరం కూడా లేకుండా ఆ పని పరువు చేసిపెడుతుంది.

కాబట్టి ఆ నవలలో పని చేయగలిగింది ఒక్కరే. ఫోన్ ప్యాటర్న్ లాక్ తెలిసినది, చెల్లెలు ఎవరితో మాట్లాడేటప్పుడు మేడ మీదికి వెళ్ళేదో చూసినది, ఆమె మెసేజీలో ‘అక్కా’ బదులు ‘సిస్టర్’ అని కనపడగానే ఇది మా పిల్ల రాసింది కాదని లేచి నిలబడగలిగేది. వారెంటు అక్కర్లేని సాక్ష్యం ఆమె దగ్గరే ఉంది. ఆమె కథ తెలుగులో ఇంకా నా కంటపడలేదు.